కానుకను అంగీకరించే ముందు: సృష్టి పరిరక్షణ సంస్థల నిధులు, భాగస్వాముల మాట, కాపరి బాధ్యత

పరిచయం

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాన్ని కృష్ణా జిల్లా మెట్ట అని పిలవడం మనకు అలవాటు. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో చేరినా ఆ పిలుపు మారలేదు. డెల్టా కాలువల నీటికీ ఈ నేలకూ పోలిక లేదు. ఇక్కడ నీరంటే సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు చేరినంత నీరు, వానకు నిండే చెరువులు, మున్నేరు, పాలేరు, దక్షిణాన కృష్ణ. నేలలో సున్నపురాయి ఉంది. అందుచేతనే జయంతిపురం, ముక్త్యాల వంటి చోట్ల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. పత్తి, మిరప పండే ఊళ్ల పక్కనే గనులు నడుస్తున్నాయి. మన సంఘాల్లో మిరప కోతకు వెళ్లే తల్లులూ ఉన్నారు, ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి నేరుగా ఆరాధనకు వచ్చే యౌవనులూ ఉన్నారు.

ఇటువంటి చోట చెరువును గాని, కొండను గాని, వాగును గాని కాపాడుకోవాలని కొందరు ఒక సొసైటీగా ఏర్పడినప్పుడు, అధ్యక్షుడుగానో కోశాధికారిగానో ఉండమని కాపరిని అడగడం సహజం. డబ్బు విషయంలో ఆయన నమ్మకస్థుడని ఊరివారి అభిప్రాయం. పని మొదలుపెట్టగానే నిధుల ప్రశ్న వస్తుంది. దగ్గరలో ఉన్న ధనికుడైన దాత ఎవరని చూస్తే, అనేక మారులు ఆ కొండను తొలిచేవారో, ఆ వాగులో ఇసుక తీసేవారో అయి ఉంటారు. అప్పుడు కాపరి ఏమి చేయాలి?

ఈ ప్రశ్నను సాధారణంగా డబ్బు మంచిదా చెడ్డదా అన్న రూపంలో అడుగుతాము. అది చాలదని ఈ వ్యాసం వాదిస్తుంది. కానుకను అంగీకరించిన తరువాత ఎవరు మాట్లాడలేకపోతారు? నష్టం మోసేవారిని ముందుగా అడిగామా? పరిరక్షణ సంస్థ నిధుల నిర్ణయాన్ని ఈ రెండు ప్రశ్నలతో కొలవాలి. దీనిని మొదట భాగస్వాముల దృష్టితోను, తరువాత వాక్యపు వెలుగులోను, సంఘ చరిత్ర నుండియు, చివరిగా మన ప్రాంతపు పరిస్థితులలోను పరిశీలిద్దాం.

1. భాగస్వాములు అనగా ఎవరు?

నిర్వహణ శాస్త్రంలో 'స్టేక్‌హోల్డర్లు' అనే మాట వాడుకలో ఉంది. తెలుగులో స్వచ్ఛంద సంస్థలు దీనిని 'భాగస్వాములు' అంటున్నాయి. మన చెవికి భాగస్వామి అంటే లాభంలో వాటా ఉన్నవాడు. ఇక్కడ ఆ మాటకు అర్థం ఇంకా విశాలం. ఒక నిర్ణయం వలన లాభం పొందేవారు, నష్టపోయేవారు, ఆ నిర్ణయాన్ని మార్చగలవారు అందరూ భాగస్వాములే.

ఒక గని దిగువన ఉన్న చెరువును తీసుకుందాం. ఆయకట్టు పట్టాదారులు ఉన్నారు. ఆ భూమినే కౌలుకు చేసేవారు వేరే ఉన్నారు. చేపల సొసైటీ ఉంది. గొర్రెలను నీటికి తోలుకొచ్చేవారు, గట్టు మీద పుల్లలు ఏరుకునే స్త్రీలు, గనిలో పనిచేసే కూలీలు, రాయి తోలే లారీల డ్రైవర్లు, పంచాయతీ, అధికారులు, కంపెనీ, దాతలు ఉన్నారు. నోరులేని భాగస్వాములు కూడా ఉన్నారు. జలప్రళయం తరువాత దేవుడు చేసిన నిబంధన నోవహుతోనూ అతని సంతానంతోనూ మాత్రమే కాదు, పక్షులతో, పశువులతో, సమస్త భూజంతువులతో చేసినదని ఆదికాండము 9వ అధ్యాయం చెబుతున్నది. కాబట్టి చెరువులోని చేపకూ, గట్టు మీది కొంగకూ వాటా ఉందనడం మనకు కొత్త సిద్ధాంతం కాదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులోను, అనంతపురం ప్రాంతపు వీరాపురంలోను వలస పక్షులు నిలిచాయంటే అక్కడి గ్రామస్థులు వాటిని తమవిగా ఎంచి కాపాడినందువలననే.

ఈ భాగస్వాములను వర్గీకరించడానికి ఒక పట్టిక ప్రసిద్ధంగా ఉంది. ఎవరికి ఎంత పలుకుబడి, ఎవరికి ఎంత ఆసక్తి అని రెండు గీతల మీద కొలుస్తారు. పలుకుబడి ఎక్కువ ఉన్నవారిని దగ్గరగా ఉంచుకోవాలి, తక్కువ ఉన్నవారికి సమాచారం తెలిపితే చాలు అని అది నేర్పుతుంది. ఈ లెక్కన దాతది మొదటి వరుస, కౌలు రైతుది చివరి వరుస. శరీరంలో బలహీనముగా కనబడే అవయవాలే మరింత అవసరమైనవని, వాటికే ఎక్కువ ఘనత కలుగవలెనని పౌలు బోధించాడు (1 కొరింథీ 12:22-24). ఆ పట్టికను కాపరి వాడవచ్చు. దాని వరుసను మాత్రం తలక్రిందులు చేసి చదవాలి.

బలహీనుల పేరుతో మాట్లాడేది ఎవరో కూడా గమనించాలి. పూర్వపు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలకు చెందిన కొల్లేరు ఇందుకు పాఠం. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అది రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తెగగొట్టారు. ఆ చెరువుల్లో అనేకం పేరుకు చిన్న మత్స్యకారుల, పేదల సొసైటీలవి. పెట్టుబడి పెట్టి లాభం తీసుకున్నవారు వేరే. గట్లు తెగినప్పుడు పెట్టుబడిదారుడు వేరొక చోటికి పోగలిగాడు, సొసైటీ సభ్యుడు ఎక్కడికీ పోలేకపోయాడు. సరస్సును కాపాడవలసిన అవసరం నిజమే. ఆ పని వెల ఎవరు చెల్లిస్తారన్నది ముందుగా అడగని పరిరక్షణ, పేదవానికి మరొక భారమవుతుంది.

2. వాక్యంలో కానుకలు: నిరాకరించినవి, స్వీకరించినవి

దేవుని ప్రజలు కొన్ని కానుకలను నిరాకరించారు, కొన్నింటిని స్వీకరించారు. ఎందుకన్నది పరిశీలించదగినది.

అబ్రాము సొదొమ రాజు ఇవ్వజూపిన ఆస్తిలో నూలుపోగును, చెప్పుల వారును సైతం తీసుకోలేదు (ఆదికాండము 14:22-24). అబ్రామును ధనవంతునిగా చేసింది నేనే అని ఆ రాజు చెప్పుకోకూడదన్నది అతని కారణం. కానుక వెనుక వచ్చే మాటను అతడు ముందే విన్నాడు. అదే వచనంలో మనం తరచుగా దాటిపోయే విషయం ఒకటి ఉంది. తనతో కూడ వచ్చిన ఆనేరు, ఎష్కోలు, మమ్రేల వాటాను అతడు నిరాకరించలేదు; వారి వాటా వారిని తీసుకోనిమ్మన్నాడు. తన మనస్సాక్షి ఖరీదును ఇతరుల చేత కట్టించలేదు. ఈ సంగతి మనకు ముందు అవసరమవుతుంది.

ఎజ్రా గ్రంథం 4వ అధ్యాయంలో జెరుబ్బాబెలు మందిర నిర్మాణంలో చేరతామన్న విరోధుల సహాయాన్ని త్రోసిపుచ్చాడు. 6వ అధ్యాయంలో దర్యావేషు రాజు ఖజానా నుండి అదే మందిరానికి ఖర్చు అందింది, దానిని తీసుకున్నారు. ఇచ్చినవాడు అన్యుడు అన్నది కారణమైతే రెండింటినీ నిరాకరించవలసింది. మొదటివారు నిర్మాణంలో స్థానం కోరారు. రాజు ఇచ్చినది బహిరంగ శాసనం ద్వారా, లెక్కతో వచ్చింది. రాజు కూడ తన కొరకు, తన కుమారుల కొరకు ప్రార్థన కోరాడు గాని, పనిలో పెత్తనం కోరలేదు.

ప్రధాన యాజకుల ఉదాహరణ హెచ్చరికగా నిలుస్తుంది. యూదా పారవేసిన వెండి నాణెములు రక్తక్రయధనము గనుక కానుకల పెట్టెలో వేయరాదని వారు తీర్మానించారు (మత్తయి 27:6-7). ఆ ధనాన్ని యూదాకు ఇచ్చినవారు తామేనన్న సంగతిని పక్కన పెట్టారు. తమ పెట్టె శుద్ధి గురించి వారికి చింత ఉంది, చిందిన రక్తం గురించి లేదు. 'మేము ఆ కంపెనీ డబ్బు ముట్టలేదు' అని చెప్పుకొని, ఆ కంపెనీ దుమ్ము పడే వాడకు ఒక్కసారి కూడా వెళ్లని సంస్థ ఈ యాజకులకు దూరంగా లేదు.

పౌలు మాదిరి మరింత సూక్ష్మమైనది. కొరింథులో తనకు హక్కు ఉన్నా పోషణ తీసుకోలేదు. సువార్తకు అభ్యంతరం కలుగుతుందని కారణం చెప్పాడు (1 కొరింథీ 9:12). ఫిలిప్పీయుల యొద్ద మాత్రం ఒకటి రెండు మారులు తీసుకున్నాడు (ఫిలిప్పీ 4:15-16). ఒకే అపొస్తలుడు, రెండు నిర్ణయాలు. ఈ కానుక నా పరిచర్యను స్వేచ్ఛగా ఉంచుతుందా, కట్టివేస్తుందా అని అతడు స్థలాన్ని బట్టి చూశాడు. యెరూషలేము పేదల కొరకు చందా పోగుచేసినప్పుడు, ఆ సొమ్మును ఒంటరిగా మోయక, సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంట తీసుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే గాక మనుష్యుల దృష్టిలోను సరిగా ఉండవలెనని కోరాడు (2 కొరింథీ 8:18-21). కాపరి మంచివాడైతే లెక్కలు అడగనక్కరలేదు అన్న మన సంఘాల అలవాటుకు ఈ వాక్యభాగం నేరుగా అడ్డు.

3. చరిత్ర చెప్పే నాలుగు సంగతులు

ఒంగోలు, 1877-78. డాక్టర్ జాన్ క్లౌ ధాత కరువు కాలంలో బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో మూడు మైళ్లకు పైగా పని కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. సహాయ నిధులు కూడ ఆయన చేతి మీదుగా పంచబడ్డాయి. వేలమంది బాప్తిస్మం కోరారు. సహాయం పంచుతున్నంత కాలం బాప్తిస్మములు ఇవ్వనని ఆయన సుమారు పదిహేను నెలలు ఆపాడు. కరువు తగ్గి, పంచడం ముగిసిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మన ప్రసంగాల్లో తరచుగా వింటాము, దాని ముందున్న పదిహేను నెలల ఆగుదలను అంతగా వినము. అన్నం పెట్టే చేయి, నిర్ణయం అడిగే చేయి ఒక్కటైనప్పుడు పేదవాని 'ఔను' అన్న మాటకు విలువ కట్టలేమని క్లౌ గ్రహించాడు. ఈ కాలపు భాషలో చెబితే, ఒత్తిడి లేని సమ్మతి కొరకు ఆయన వేచి ఉన్నాడు.

బోస్టన్, 1905. 1834 నుండి మధురలో పరిచర్య చేస్తున్న అమెరికన్ బోర్డుకు నూనె వ్యాపారి జాన్ డి. రాక్‌ఫెల్లర్ లక్ష డాలర్లు ఇచ్చాడు. కాంగ్రెగేషనల్ సంఘాల నాయకుడు వాషింగ్టన్ గ్లాడెన్ దానిని 'మైలపడిన ధనం' అని వ్యతిరేకించాడు. ఆ సంపద అన్యాయపు పద్ధతుల్లో కూడినదని, దానిని తీసుకొన్న సంఘము ఆ పద్ధతులను ప్రశ్నించే నైతిక బలం కోల్పోతుందని ఆయన వాదం. చర్చ వేడెక్కిన తరువాత, ఆ కానుక దానంతట అది రాలేదని, బోర్డువారే వెళ్లి అడిగారని బయటపడింది. బోర్డు ధనాన్ని ఉంచుకొంది. దాత పేరుకన్నా సంస్థ దాచిన సంగతే ఎక్కువ నమ్మకాన్ని పోగొట్టింది.

అమెరికా, 2007-2012. సియెర్రా క్లబ్ అమెరికాలో ఒక పెద్ద పరిరక్షణ సంస్థ. బొగ్గు విద్యుత్ కేంద్రాలకు వ్యతిరేకంగా అది చేసిన ఉద్యమానికి 2007-2010 మధ్య రెండున్నర కోట్ల డాలర్లకు పైగా సహజవాయువు పరిశ్రమ నుండి, అందులో ఎక్కువ భాగం చెసపీక్ ఎనర్జీ కంపెనీకి సంబంధించినవారి నుండి వచ్చింది. బొగ్గు తగ్గితే గ్యాస్‌కు లాభం గనుక దాతకు ప్రయోజనం ఉంది. అదే కాలంలో ఆ సంస్థ స్థానిక శాఖల సభ్యులు తమ ఊళ్లలో గ్యాస్ బావుల వలన నీటికి కలిగే ముప్పు గురించి పోరాడుతున్నారు. తమ కేంద్ర కార్యాలయానికి ఈ డబ్బు వస్తున్నదని వారికి తెలియదు. 2010లో వచ్చిన కొత్త డైరెక్టర్ మైకేల్ బ్రూన్ హయాంలో మరి మూడు కోట్ల డాలర్లను సంస్థ వదులుకొంది. 2012 ఫిబ్రవరిలో విషయం పత్రికల్లో వచ్చింది. దాతతో సంబంధాన్ని జాగ్రత్తగా నడిపిన సంస్థ, బావి పక్కన నివసించే తన సొంత సభ్యుని మరచింది.

నియమగిరి, 2010-2013. మన పొరుగున ఒడిశాలో, రాయగడ, కలహండి జిల్లాల మధ్య నియమగిరి కొండల్లో బాక్సైట్ గని తలపెట్టారు. అక్కడి డోంగ్రియా కోందులు వ్యతిరేకించారు. చర్చ్ ఆఫ్ ఇంగ్లాండు పెట్టుబడి సంస్థలకు వేదాంత రిసోర్సెస్ కంపెనీలో వాటాలు ఉండగా, మానవ హక్కుల విషయంలో కంపెనీ తీరు తృప్తికరంగా లేదని 2010 ఫిబ్రవరిలో వాటిని అమ్మివేశారు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను గ్రామసభల ముందు పెట్టమంది. పన్నెండు గ్రామసభలు కూడాయి, పన్నెండూ వద్దన్నాయి. లండనులోని సంఘ పెద్దలు తమ డబ్బు గురించి తీర్మానం చేసుకోగలిగారు. కొండ గురించి తీర్మానించవలసినవారు కొండ మీద నివసించేవారే. ఈ రెండు తీర్మానాల స్థానాలను కలపకూడదు.

4. బాకీ వేరు, కానుక వేరు

మన ప్రాంతంలో కాపరులు చట్టాన్ని కొంతైనా తెలుసుకొని ఉండాలి. లేనియెడల హక్కుగా రావలసిన దానికి కృతజ్ఞతలు చెప్పి, దండలు వేసి పంపిస్తాము.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, 500 కోట్ల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ, గత మూడు సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత క్రింద ఖర్చు చేయాలి. తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. పర్యావరణ రక్షణ, పురాతన కట్టడాల రక్షణ కూడ ఆ ఖర్చుల జాబితాలో ఉన్నాయి.

జిల్లా ఖనిజ నిధి దీనికి వేరైనది. 2015లో గనుల చట్టాన్ని సవరించి, గనుల వలన ప్రభావితులైన ప్రజల కొరకు, ప్రాంతాల కొరకు ప్రతి జిల్లాలో ఈ నిధిని ఏర్పరచారు. గని లీజుదారుడు రాయల్టీతో పాటు, 2015 జనవరి 12కు ముందు పొందిన లీజులపై రాయల్టీలో 30 శాతం, వేలంలో పొందిన వాటిపై 10 శాతం దీనికి చెల్లించాలి. సున్నపురాయి గనులకు ఇది వర్తిస్తుంది. ఈ సొమ్ము ఎవరి దయా కాదు. చెరువు పూడికతీతకు గాని, తాగునీటికి గాని ఆ నిధి నుండి కోరడం యాచన కాదు, అడగవలసిన వాటా.

ఈ ఆలోచనకు మన రాష్ట్రంలోనే మార్గం వేసిన తీర్పు ఉంది. విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో గిరిజన భూములను గనులకు లీజుకివ్వడాన్ని 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ కోర్టులో ప్రశ్నించింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని చెప్పింది. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి శాశ్వత నిధిగా కేటాయించాలన్న సూత్రాన్ని కూడ పేర్కొంది. జగ్గయ్యపేట షెడ్యూల్డు ప్రాంతం కాదు గనుక ఆ తీర్పు ఇక్కడ వర్తించదు. అయినా నేల నుండి తీసినదానిలో ఆ నేల మీద బ్రతికేవారికి హక్కుగా భాగముందన్న దాని నీతి అన్ని చోట్లా వర్తిస్తుంది.

విదేశీ నిధుల గురించి ఒక మాట. 2020 సవరణ తరువాత, ఎఫ్.సి.ఆర్.ఎ. నమోదు ఉన్న సంస్థ విదేశీ విరాళాన్ని న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే స్వీకరించాలి. దానిని మరొక సంస్థకు బదిలీ చేయరాదు. పరిపాలనా ఖర్చు 20 శాతం మించరాదు. 'మీ సంస్థ నమోదు మీద మా చెరువు డబ్బు తెప్పించండి' అని స్నేహితులు అడిగినా, ఆ దారి మూసివేయబడింది.

5. నిర్ణయానికి ముందు ఆరు ప్రశ్నలు

పై విషయాలన్నిటిని కమిటీ సమావేశంలో వాడుకోదగిన ప్రశ్నలుగా ఇక్కడ కూర్చుతున్నాను.

మొదటిది: ఇది కానుకా, బాకీయా? బాకీ అయితే దానిని పొందవలసిన దారిలో, పంచాయతీ ద్వారాను, జిల్లా నిధి ద్వారాను పొందాలి.

రెండవది: ఇది ఎప్పుడు వచ్చింది? 2006 సెప్టెంబరు పర్యావరణ నోటిఫికేషను ప్రకారం పెద్ద గనులకు, ఫ్యాక్టరీల విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కాలుష్య నియంత్రణ మండలి కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఇస్తుంది. ఆ నోటీసుకు, తుది అనుమతికి మధ్య కాలంలో వచ్చే ఉదారత్వాన్ని అనుమానించడం పాపం కాదు. ఆ వ్యవధిలో సంబంధిత కంపెనీ నుండి ఏదీ తీసుకోమని సొసైటీ ముందుగానే తీర్మానించుకోవాలి. క్లౌ పదిహేను నెలలు ఆగాడు.

మూడవది: నష్టం మోసేవారు ఏమన్నారు? పట్టాదారులు కూర్చున్న సభలో కౌలు రైతు నోరు విప్పడు. భర్త పక్కన భార్య మాట్లాడకపోవచ్చు. అందుచేత వారి వాడలకే వెళ్లి వేరువేరుగా అడగాలి. వారన్న మాటలను మినిట్సు పుస్తకంలో వారి మాటగానే రాయాలి.

నాలుగవది: తరువాత మనం మాట్లాడగలమా? వచ్చే నెలలో బ్లాస్టింగు వలన ఇళ్ల గోడలు బీటలు వారితే, ఈ దాత ఎదుటనే, అదే వేదిక మీద, ఆ మాట చెప్పగలమా? చెప్పలేమని లోపల తోచితే ఆ కానుక ఖరీదు మనకు అర్థమైనట్టే.

ఐదవది: ఇది వెలుగులో ఉందా? మొత్తం ఎంత, షరతులు ఏమిటి, ఎవరు అడిగారు అన్నవి నోటీసు బోర్డు మీద ఉండాలి. చెక్కు మీద ఇద్దరి సంతకాలుండాలి. దాత పేరు చెక్కించే విషయంలోనూ ఆలోచన అవసరం. జగ్గయ్యపేటలో ధనబోడు అని పిలిచే దిబ్బను 1882లో జేమ్స్ బర్జెస్ త్రవ్వించగా బౌద్ధ స్తూపం బయటపడింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరపు శాసనాలు అక్కడ ఉన్నాయి. సిద్ధార్థుడనే శిల్పి మహాచైత్యానికి ఐదు ఆయక స్తంభాలను ఇచ్చాడని అవి చెబుతున్నాయి. పనివాడు తన కష్టంలో నుండి ఇచ్చి పేరు రాసుకున్నాడు, అది సాక్ష్యం. పేరు కొరకే ఇచ్చి, ఆ బోర్డు ఫోటోను అనుమతి దరఖాస్తులో జతచేసుకోవడం వేరు. మన బోర్డు ఏ పనికి వాడబడుతుందో ముందుగా రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి.

ఆరవది: ఈ దాత లేకుండా సొసైటీ నిలుస్తుందా? ఒక్కరు చేయి తీసివేస్తే మూతపడే సంస్థకు ఆ ఒక్కరే యజమాని. ఒకే చోటి నుండి వచ్చేది సంవత్సరపు ఖర్చులో నాలుగవ వంతు దాటకూడదని నియమం పెట్టుకోవడం మంచి ఆరంభమని నా అభిప్రాయం. ఇంటికి పది రూపాయల నెల చందా చిన్నదే గాని, అది సొసైటీకి యజమానులను పెంచుతుంది.

6. అభ్యంతరాలు

ఈ నియమాలకు వ్యతిరేకంగా మూడు మాటలు వినబడతాయి. వాటిని తేలికగా తీసివేయలేము.

మన విశ్వాసులలో చాలామంది ఫ్యాక్టరీ జీతం మీదనే బ్రతుకుతున్నారు, వారి దశమభాగం తీసుకొని కంపెనీ చెక్కును కాదనడం కపటం కాదా అని ఒక ప్రశ్న. కాదు. జీతం పనివాని చెమట. కూలి చేతికి వచ్చిన తరువాత అది అతనిది, అతడిచ్చేది అతని ఆరాధన. కంపెనీ ఇచ్చే చెక్కు కంపెనీ పేరుతో మాట్లాడుతుంది. అయితే ఈ ప్రశ్నలో ఒక హెచ్చరిక ఉంది. ఫ్యాక్టరీని దుష్టశక్తిగా చిత్రించి ప్రసంగించే కాపరి, తన ఎదుట కూర్చున్న పనివానిని సిగ్గుపరుస్తున్నాడు. గని కూలీ కూడ భాగస్వామియే. అతని ఉపాధి భయాన్ని వినకుండా చేసిన తీర్మానం సగం తీర్మానమే.

డబ్బు వద్దంటే చెరువు పూడిపోతుంది, మన మనస్సాక్షి కొరకు పేదవాడు ఎండాలా అన్నది రెండవ ప్రశ్న. ఇది బలమైనది. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి మీద రాకపోకలు నిలిచిపోయిన సంగతి మనకు తెలుసు. వాగుల, చెరువుల బాగోగులు ఇక్కడ వాయిదా వేయగల పనులు కావు. ఇక్కడ అబ్రాము మార్గం సహాయపడుతుంది. ఆయకట్టువారు, కౌలుదారులు, చేపలవారు చర్చించుకొని ఆ సొమ్ముతో పూడిక తీయించుకుంటామంటే, అది పంచాయతీ ద్వారా, గ్రామసభ తీర్మానంతో జరగవచ్చు. సొసైటీ అడ్డుపడనక్కరలేదు, మధ్యవర్తిగా నిలవనూ అక్కరలేదు. తన చేతులు ఖాళీగా ఉంచుకొని, పని సక్రమంగా జరిగిందా అని చూచే సాక్షిగా నిలబడవచ్చు. ఊరికి అటువంటి సాక్షి ఒకరు అవసరం.

మూడవ అభ్యంతరాన్ని ఎవరూ పైకి అనరు. మందిరం కడుతున్న సంఘానికి సిమెంటు బస్తాలు కావాలి. దాత అదే దాత. నయమాను బహుమానాన్ని ఎలీషా నిరాకరించాడు. గేహజీ వెనుక పరుగెత్తి రెండు తలాంతుల వెండి, రెండు దుస్తులు తెచ్చుకున్నాడు (2 రాజులు 5). ప్రవక్త ఇంటి ముందు వాకిట నిరాకరించినది ఇంటి వెనుక నుండి లోపలికి రాకూడదు. పరిరక్షణ సొసైటీలో బాధ్యత ఉన్న కాపరి, ఆ కాలంలో ఆ దాత నుండి మందిరానికి గాని, తన ఇంటికి గాని ఏమీ స్వీకరించకూడదు. స్వీకరించవలసి వస్తే ముందు సొసైటీ బాధ్యత విడిచిపెట్టాలి. గోడలు ఆలస్యంగా లేస్తాయి. లేచిన గోడల మధ్య ఏ వాక్యమైనా నిర్భయంగా చెప్పగలుగుతాడు.

ముగింపు

ఏదెను తోటను సేద్యపరచుటకును కాచుటకును నరుడు ఉంచబడ్డాడు (ఆదికాండము 2:15). కాచే పనికి డబ్బు కావాలి. 1983లో పోర్చుగల్‌లో ఆంగ్లికన్ కాపరి పీటర్ హారిస్ ఆరంభించిన 'అ రోషా' వంటి క్రైస్తవ పరిరక్షణ సంస్థలు నేడు మన దేశంతో సహా అనేక దేశాల్లో పనిచేస్తున్నాయి గనుక, ఇది సంఘానికి సంబంధం లేని పని అని ఎవరూ అనలేరు. మన సెమినరీలలో గృహనిర్వాహకత్వం అంటే దశమభాగం గురించిన పాఠమే అవుతున్నది. ఇచ్చే క్రమాన్ని నేర్పినంత శ్రద్ధగా పుచ్చుకునే క్రమాన్ని కూడ నేర్పాలి. ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు ఎలా చదవాలి, జిల్లా ఖనిజ నిధిని ఎలా అడగాలి, మినిట్సు పుస్తకం ఎలా రాయాలి అన్నవి పరిచర్య పాఠాలే.

మెట్టలో పనిచేసే కాపరులు తమ తమ కమిటీలలో పై ఆరు ప్రశ్నలను ఏ దాతా తలుపు తట్టక ముందే చర్చించి, తీర్మానం రాసి పెట్టుకోవడం మేలు. చెక్కు బల్ల మీదికి వచ్చిన తరువాత మొదలుపెట్టే చర్చలో, కౌలు రైతు మాటకన్నా ఆ చెక్కు మాటే గట్టిగా వినబడుతుంది.